త్రేన్చకూడదు

నవంబరు రెండోవారం మా బస్సు రేవు పక్కన ఆగుతుంది.
దూరం నుంచి చేపల బండి అనుకుంటారు.
లోపల ఒక ఎక్స్‌రే బల్ల, నేను నిలబడే అద్దం గది,
పేపరు గ్లాసుల దొంతర,
చిక్కటి చల్లలాంటి బేరియం.
ఇరవై రెండేళ్ళుగా ఎవరొచ్చినా
నేను చెప్పే మొదటి మాట ఒకటే:
త్రేన్చకండి.

ముందు పొంగే పొడి మింగాలి.
కడుపు బుడగలా ఉబ్బుతుంది,
త్రేన్పు గొంతు గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది.
ఈ ఊరివాళ్ళు మర్యాదస్తులు,
పెదాలు బిగించి, కళ్ళల్లో నీళ్ళతో తలాడిస్తారు.
ఒక్కటి జారిందా, మళ్ళీ పొడి.

ఆ తర్వాత బల్ల వాలుతుంది.
మైకులో నా గొంతు:
కుడికి దొర్లండి. ఇంకా. పూర్తిగా. ఇప్పుడు బోర్లా.
ఊపిరి బిగబట్టండి.
కడుపులో చల్ల కదలకుండా బతికే మనుషుల్ని
కదిలించడానికే నాకు జీతం.
ప్రతి మడతకీ తెల్లపూత అంటాలి.
అంటని చోటు ఉంటే
అక్కడే నా కళ్ళు ఆగుతాయి.

హత్సుయో గారు పన్నెండో నంబరు.
స్క్విడ్‌ని చీల్చి తాడుమీద ఆరగట్టడంలో
ఆమెకి సాటి వచ్చే చెయ్యి ఈ రేవులో లేదు.
ఆరేళ్ళు మా బస్సు ఎక్కలేదు.
కడుపు చించుకుంటే కాళ్ళమీదే కదా పడేది,
అదేదో లోపలే ఉండనీ, అనేదట.
ఆరోజు మాత్రం ఎక్కింది.
బల్లమీద దొర్లుతూ, గాలివానలో పడవ ఇంతకంటే నయం, అంది.
త్రేన్చలేదు.

తెరమీద, కింది వంపు దగ్గర,
మడతలు నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగిపోయాయి.
నేను చూసింది నేను చెప్పకూడదు.
చెప్పాల్సింది వేరే ఉంది:
నీళ్ళు బాగా తాగండి, ఈ రెండు మాత్రలు వేసుకోండి,
రేపు దొడ్డికి తెల్లగా అయితే కంగారుపడకండి.
అంతా చెప్పి వంగి నమస్కరించాను.
ఆరోజు గొంతులో అడ్డుపడినదాన్ని
మింగుకున్నది నేను.

మరుసటి నవంబరులో ఆమే వచ్చింది,
పరీక్షకి కాదు, ఎండబెట్టిన స్క్విడ్ పొట్లంతో.
మెట్టుమీద కూర్చుని ఒక్క గుక్కలో చెప్పింది.
ముక్కులోంచి సన్నటి గొట్టం దింపారట,
సేమియా అంత సన్నం అన్నారుగానీ అబద్ధం, అంది.
తెరమీద తన లోపలంతా
తెల్లారుజాము ఆకాశంలా గులాబీరంగు.
నీలిమందు చల్లగానే
కనిపించని మచ్చకి అంచు తేలిందట.
మా అత్తగారు బట్టలకి అద్దిన రంగే, నాలోపల!

కోత పొట్టమీద లేదు.
మచ్చ కింద సూదితో నీరెక్కించి, పొక్కులా లేపి,
కొనకి పూసంత గుండు ఉన్న కత్తితో
చుట్టూ గీసి, ఒలిచి,
నోటిదారినే బయటికి తీశారు.
తను మత్తులో ఉంది. ఫోటో తర్వాత చూపించారు:
పది యెన్ల బిళ్ళంత చర్మం,
పలకమీద చాచి, చుట్టూ పిన్నులు గుచ్చి.

"చూడగానే నవ్వొచ్చింది. అచ్చం మా పనే!
కానీ పిన్నులు దూరదూరంగా పెట్టాడు,
అంచులు ముడుచుకోవూ?
ఆ సకురబా డాక్టరు, కుర్రాడు పాపం, చెవులు ఎర్రబడ్డాయి.
తర్వాతివాళ్ళకి ఇంకో రెండు గుచ్చుతానన్నాడు."

అంచుల్లో ఏమీ మిగల్లేదట.
అయినా ఏటా గొట్టం మింగాల్సిందే.
ఆ మాట మాత్రం పొట్లం దారం సర్దుతూ,
నావైపు చూడకుండా చెప్పింది.

లేచి వెళ్తూ, బేరియం గ్లాసుల్ని చూసి,
"నువ్వెప్పుడు తాగావ్?" అని అడిగింది.

జవాబు గొంతు గుమ్మం దాకా వచ్చింది.
పెదాలు బిగించాను.
బయట చలిలో ఎవరో బూట్లు విప్పుతున్నారు.